52.9ని కాదన్న పనితనం

2024 మే 29, రోహిణి కార్తె. ఢిల్లీకి వాయవ్యంగా, హర్యానా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ముంగేశ్‌పుర్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం మధ్యాహ్నం రెండున్నరకు 52.3 డిగ్రీలు చూపించింది. ఆ రోజు గరిష్ఠం 52.9 అని తర్వాత లెక్క తేలింది. దేశంలో అప్పటిదాకా ఉన్న రికార్డు 51.0. అది 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైంది. ఎడారి ఊరిని రాజధాని శివారు దాటేసిందన్న వార్త సాయంత్రానికల్లా ప్రపంచమంతా తిరిగింది.

జూన్ 1న భారత వాతావరణ శాఖ ఇంకో మాట చెప్పింది. ముంగేశ్‌పుర్ సెన్సర్ ప్రామాణిక పరికరం కంటే సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేల్చింది. రికార్డుకు జరిగినంత సందడి ఈ కొట్టివేతకు జరగలేదు. నన్నడిగితే ఆ వేసవిలో మెచ్చుకోవలసిన పని ఇదే. రికార్డు చూపించడానికి ఒక యంత్రం చాలు. దాన్ని కాదనడానికి తరాల తరబడి నిలిచిన కొలత పద్ధతి కావాలి, ఇరుగుపొరుగు కేంద్రాల లెక్కలు కావాలి, ఆ యంత్రం పక్కన నిలబడి మళ్లీ కొలిచే ఓపిక కావాలి. ఒక నగరంలో వేర్వేరు చోట్ల కొలిచిన ఎండను పక్కపక్కన పెట్టి నిజం తేల్చే ఈ విద్యలో ఎంత పనితనం ఉందో ఢిల్లీ ఉదాహరణతోనే చూద్దాం.

నీడను తయారుచేసే పెట్టె

ముందుగా తెలుసుకోవలసింది, పేపర్లో వచ్చే ఎండ అంకె ఎండలో కొలిచింది కాదు. థర్మామీటరును ఎండలో పెడితే అది గాలి వేడిని చెప్పదు. తాను ఎంత కాలిందో చెబుతుంది. గాజు ఒకలా, ఇనుము ఒకలా, నల్లరంగు ఒకలా కాలుతాయి. అలా కొలిస్తే ఏ రెండు ఊళ్ల అంకెలకూ పొంతన కుదరదు. కాబట్టి గాలి ధారాళంగా తగులుతూ, సూర్యకాంతి ఏమాత్రం తగలని నీడను ముందు తయారుచేయాలి. ప్రపంచమంతటా ఒకే రకం నీడ కావాలి.

ఆ నీడకు రూపం ఇచ్చినవాడు థామస్ స్టీవెన్సన్. స్కాట్లండ్‌లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరు. ట్రెజర్ ఐలండ్ నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తండ్రి. 1860లలో ఆయన రూపొందించిన చెక్క పెట్టెనే ఇవాళ్టికీ స్టీవెన్సన్ స్క్రీన్ అంటున్నాం. చూడటానికి కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి పెట్టె. దగ్గరకు వెళ్లి చూస్తే అందులో ఒక్క చెక్క ముక్క కూడా ఊరికే పెట్టింది కాదని తెలుస్తుంది.

గోడలు ఏటవాలు పలకలతో చేసినవి. ఒక వరస కాదు, రెండు వరసలు. గాలి ఆ సందుల్లోంచి లోపలికి వస్తుంది. కాంతి మాత్రం ఏ కోణంలో వచ్చినా ఏదో ఒక పలకకు తగిలి ఆగిపోతుంది. పైకప్పు కూడా రెండు పొరలే. పై పొర కాలితే ఆ వేడి కింది పొరకు చేరకుండా మధ్యలో గాలి తిరుగుతుంది. అడుగు కూడా మూసే ఉంటుంది, ఎందుకంటే మే నెలలో నేల నుంచి పైకి ఎగిసే వేడి ఆకాశం నుంచి దిగే వేడికి తీసిపోదు. తెల్లరంగు కాంతిని తిప్పికొడుతుంది. తలుపు ఉత్తరం వైపు పెడతారు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో చదివే మనిషి తలుపు తీసినప్పుడు లోపలి గాజు మీద ఎండ పడకూడదని ఆ జాగ్రత్త. పెట్టె నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. కింద గచ్చు ఉండకూడదు, తారు ఉండకూడదు, దగ్గరలో గోడలు ఉండకూడదు.

మన దేశంలో ఈ పెట్టె రాకముందు థర్మామీటర్లను పూరిపాకల కింద వేలాడదీసేవారు. గడ్డి కప్పిన పాక ఎంత చల్లగా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఒక పాక ఇంకో పాకలా ఉండదు. గడ్డి మందం మారుతుంది, చూరు ఎత్తు మారుతుంది, వానకు తడిస్తే చల్లదనం మారుతుంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ముందున్న ముఖ్యమైన పని ఇదే: రాష్ట్రానికో తీరుగా సాగుతున్న కొలతలను ఒక పద్ధతిలోకి తేవడం. పోలిక అనేది పరికరం దగ్గర మొదలవదు. పరికరం చుట్టూ ఉన్న నీడ, నేల, ఎత్తు ఒకేలా ఉండటం దగ్గర మొదలవుతుంది.

పాదరసం వెనక్కి రాకుండా

ఈ పెట్టెలో నాలుగు థర్మామీటర్లు ఉంటాయి. రెండు నిలువుగా నిలబడి ఆ క్షణపు వేడినీ, గాలిలో తేమనూ చెబుతాయి. రెండు అడ్డంగా పడుకుని ఉంటాయి. వాటిలో ఒకటి రాత్రి కనిష్ఠానిది, ఒకటి పగటి గరిష్ఠానిది. మన కథకు కావలసింది ఈ చివరిది.

రోజంతా ఎవరూ పెట్టె ముందు కూర్చోలేరు. ఎండ ఏ నిమిషంలో తారస్థాయికి చేరుతుందో ముందుగా తెలియదు. అందుకని ఆ శిఖరాన్ని పరికరమే పట్టి ఉంచాలి. పాదరసపు గుండుకు కాస్త పైన గాజు గొట్టాన్ని సన్నగా నొక్కి ఉంచుతారు. వేడెక్కి వ్యాకోచించినప్పుడు పాదరసం ఆ ఇరుకును తోసుకుని ముందుకు వెళ్తుంది. చల్లబడినప్పుడు వెనక్కి లాగే బలం చాలక ఆ ఇరుకు దగ్గర తెగిపోతుంది. ముందుకు వెళ్లిన పాదరసం వెళ్లిన చోటే నిలబడిపోతుంది. జ్వరం చూసే పాత థర్మామీటరులోనూ ఇదే ఏర్పాటు. చదవడం అయ్యాక చేత్తో పట్టుకుని విదిలిస్తే మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. గాజు ఊదేవాడి చేతి నేర్పు ఒక్కటే ఆ రోజు శిఖరాన్ని సాయంత్రం దాకా కాపాడుతుంది.

మన అబ్జర్వేటరీల్లో ఆనాటి గరిష్ఠాన్ని సాయంత్రం 5:30కి చదువుతారు. ఉదయం 8:30కి కనిష్ఠాన్ని చూస్తారు. చదవడం కూడా నేర్చుకోవలసిన పనే. కన్ను పాదరసం అంచుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే ఇంకో అంకె వస్తుంది. మనిషి ఒంటివేడి, ఊపిరి తగిలి పాదరసం కదలకముందే చదవాలి. అందుకే ముందు పదో వంతు చూసుకుని తర్వాత పూర్తి డిగ్రీలు చూస్తారు. గీతకూ గీతకూ మధ్య ఆ పదో వంతును అంచనా కట్టేది కన్నే. ఆపైన ప్రతి థర్మామీటరుకూ పరీక్షాశాల ఇచ్చిన దిద్దుబాటు పట్టిక ఉంటుంది. ఈ గాజు ఇంత వేడి దగ్గర ఇంత ఎక్కువ చూపిస్తుంది, ఇంత తీసేయాలి అని అందులో రాసి ఉంటుంది. పరికరం తప్పు చేస్తుందని ముందే ఒప్పుకుని, ఆ తప్పు ఎంతో రాసిపెట్టుకోవడం ఈ వృత్తిలోని మర్యాద.

ఢిల్లీలో ఈ మర్యాదకు చిరునామా సఫ్దర్‌జంగ్. నగరానికి ప్రామాణిక కేంద్రం అదే. అక్కడ నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలు, 1944 మే 29న. వాతావరణ శాఖ ప్రధాన కార్యాలయం పుణె నుంచి ఢిల్లీకి మారింది కూడా ఆ సంవత్సరమే. సరిగ్గా 80 ఏళ్ల తర్వాత అదే తేదీన, ముంగేశ్‌పుర్ 52.9 చూపించిన రోజున, సఫ్దర్‌జంగ్ అంకె 46.8. అది 79 ఏళ్లలో అత్యధికం. అయినా 1944ను దాటలేదు.

ఒక నగరం, ఇరవై అంకెలు

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. నగరం ఎండకు ఆ లెక్క చెల్లదు. ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాలకు కలిపి ఆ వేసవిలో వాతావరణ శాఖకు 20 కేంద్రాలు ఉన్నాయి. వాటిలో సఫ్దర్‌జంగ్, పాలం, లోధీ రోడ్, రిడ్జ్, ఆయానగర్ అనే ఐదు శాఖ సొంత అబ్జర్వేటరీలు. మిగతా 15 ఆటోమేటిక్ కేంద్రాలు.

ఇవన్నీ ఒకే అంకె చెప్పవు, చెప్పకూడదు కూడా. 2022 మే 15 చూడండి. ముంగేశ్‌పుర్ 49.2, నజఫ్‌గఢ్ 49.1, జాఫర్‌పుర్ 47.5, సఫ్దర్‌జంగ్ 45.6. ఒకే నగరం, ఒకే మధ్యాహ్నం, మూడున్నర డిగ్రీల తేడా. ఇందులో ఏదో ఒకటి అబద్ధమని అనుకోనక్కర్లేదు. మే నెలలో ఢిల్లీకి వేడి పడమటి నుంచి వస్తుంది. రాజస్థాన్ మీదుగా వీచే పొడి వడగాడ్పు ముందుగా శివారు ఊళ్లకే తగులుతుంది. గోధుమ కోతలు అయిపోయి పొలాలన్నీ బోడిగా ఉంటాయి. నేలలో తడి ఉంటే ఎండ వేడిలో కొంత ఆ తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి లేనప్పుడు అదంతా గాలిని కాల్చడానికే పోతుంది. సఫ్దర్‌జంగ్ చుట్టూ చెట్లున్న వీధులు, తోటలు ఉన్నాయి. పాలం విమానాశ్రయం బయలు ప్రదేశం, నైరుతి దిక్కున ఉంది. అందుకే పాలం రికార్డు సఫ్దర్‌జంగ్ కంటే ఎక్కువ: 48.4 డిగ్రీలు, 1998 మే 26న. 2019 జూన్ 10న కూడా అక్కడ 48.0 నమోదైంది. మృగశిర వచ్చి తొలకరి కోసం ఎదురుచూసే రోజులవి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కాంక్రీటు ఎక్కువైతే పగటి రికార్డులు నగరం నడిబొడ్డునే రావాలని అనుకుంటాం. కాంక్రీటు, తారు తమ ప్రతాపం ఎక్కువగా చూపించేది రాత్రిపూట. పగలంతా తాగిన వేడిని పొద్దుపోయాక మెల్లగా వదులుతాయి. శివారు పొలం చీకటి పడగానే చల్లబడుతుంది. మేడల మధ్య వీధి చల్లబడదు. 2024 జూన్ నడిమిలో సఫ్దర్‌జంగ్‌లో రాత్రి కనిష్ఠం 35.2 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. దశాబ్దాల్లో అంత వేడి రాత్రి లేదు. పగటి శిఖరం చూడాలంటే శివారుకు, నిద్రలేని రాత్రి చూడాలంటే నడి ఊరికి వెళ్లాలి. ఒకే కేంద్రం ఈ రెండు కథలూ చెప్పలేదు. ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాకే నగరం లోపలి ఈ తేడాలు ఇంత వివరంగా కంటికి కనిపిస్తున్నాయి. వాటిని చిన్నచూపు చూడటం తగదు.

కాకపోతే వాటి స్వభావం వేరు. చెక్క పెట్టెకు బదులు పళ్లేలను బోర్లించి పేర్చినట్టుండే తెల్లటి ప్లాస్టిక్ కవచం. లోపల పాదరసానికి బదులు వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే సెన్సర్. అది చిన్నది, చురుకైనది. పాదరసం తాపీగా అందుకునే మార్పును ఇది ఇట్టే అందుకుంటుంది. క్షణకాలం వీచిన వేడి కెరటం కూడా దీని లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి కొద్దిసేపటి కొలతలను సగటు కట్టవలసి ఉంటుంది. గాలి ఆడకపోతే కవచం కాలి లోపలి గాలిని కూడా కాలుస్తుంది. ప్లాస్టిక్ పసుపెక్కితే, దుమ్ము పేరుకుంటే ఆ తప్పు పెరుగుతుంది. సెన్సర్ కూడా కాలం గడిచేకొద్దీ తన గీత తప్పుతుంది. రోజూ తలుపు తీసి చూసే మనిషి అక్కడ లేడు. తప్పు మొదలైతే ఎవరో పోల్చి చూసేదాకా అది తప్పని తెలియదు.

52.9 ఎలా పట్టుబడింది

ఇప్పుడు మే 29కి వద్దాం. ఆ సాయంత్రం వాతావరణ శాఖ విడుదల చేసిన ప్రకటన పనితనానికి మంచి నమూనా. ఢిల్లీ ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రతలు 45.2 నుంచి 49.1 దాకా ఉన్నాయని, ముంగేశ్‌పుర్ 52.9 మిగతా వాటి నుంచి విడిగా నిలిచిందని, కారణం సెన్సర్ లోపమైనా కావచ్చు, స్థానిక పరిస్థితైనా కావచ్చని అందులో ఉంది. రికార్డు అని చాటలేదు, అబద్ధమని కొట్టేయలేదు. రెండు తలుపులూ తెరిచి ఉంచి, పరిశీలిస్తామని చెప్పింది. అప్పటి భూవిజ్ఞాన మంత్రి కిరెన్ రిజిజు కూడా ఇది అధికారికం కాదని, ఢిల్లీలో అంత ఉష్ణోగ్రత నమ్మశక్యంగా లేదని, తనిఖీ చేయమన్నానని ఆనాడే ప్రకటించారు.

ఆ అనుమానం ఎంత సబబో అందుబాటులో ఉన్న అంకెలతో మనమే లెక్క వేసి చూడవచ్చు.

మొదటిది, పొరుగు. ముందురోజు, మే 28న, శివారు కేంద్రాలు మూడూ ఒకే మాట మీద ఉన్నాయి. ముంగేశ్‌పుర్ 49.9, నరేలా 49.9, నజఫ్‌గఢ్ 49.8. మర్నాడు నజఫ్‌గఢ్ 49.1కి దిగింది. ముంగేశ్‌పుర్ ఒక్కటే 3 డిగ్రీలు పైకి లేచింది. పక్క ఊరు చల్లబడుతుంటే ఇది అంతగా కాలడానికి గాలిలో కారణం ఏదీ కనబడదు.

రెండోది, అంతరం. అనుభవం ఉన్నవాళ్లు అంకెల కంటే అంకెల మధ్య తేడాను ఎక్కువ గమనిస్తారు. 2022 మే 15న ముంగేశ్‌పుర్‌కూ సఫ్దర్‌జంగ్‌కూ తేడా 3.6. 2024 మే 28న సఫ్దర్‌జంగ్‌లో 45.8, తేడా 4.1. మే 29న ఆ తేడా ఒక్కసారిగా 6.1 అయింది. శివారు వేడిగా ఉండటం మామూలే. రాత్రికి రాత్రి రెండు డిగ్రీలు అదనంగా వేడెక్కడం మామూలు కాదు. దొరికిన దోషం 3 డిగ్రీలు తీసేస్తే ముంగేశ్‌పుర్ 49.9కి, తేడా 3.1కి వస్తాయి. అప్పుడు లెక్క మిగతా కేంద్రాలతో కుదురుతుంది.

మూడోది, చరిత్ర. రికార్డులు సాధారణంగా గంతులు వేయవు. 1956లో అల్వర్‌లో నమోదైన 50.6ను 2016లో ఫలోదీ 51.0తో దాటింది. 60 ఏళ్లలో దేశం మొత్తానికి పెరిగింది 0.4 డిగ్రీ. అలాంటి దాన్ని ఒక్క మధ్యాహ్నం ఒక్క శివారు ఊరు 1.9 డిగ్రీలతో బద్దలు కొట్టిందంటే ముందు యంత్రాన్నే అనుమానించాలి.

ఈ మూడూ అనుమానాలే. తీర్పుకు నాలుగోది కావాలి. నిపుణులు ముంగేశ్‌పుర్ వెళ్లి, అక్కడి సెన్సర్ అంకెలను ప్రామాణిక పరికరం అంకెలతో సరిపోల్చారు. ఒకే గాలి, ఒకే ఎండ, రెండు పరికరాలు. సుమారు 3 డిగ్రీల తేడా అక్కడ దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన లెక్క ఎంత పకడ్బందీగా ఉన్నా, చివరి మాట ఆ స్థలంలోనే చెప్పడం ఈ పనిలో నాకు నచ్చిన సుగుణం.

ఇదే సమయంలో నాగపూర్‌లోనూ ఇలాంటిదే జరిగింది. మే 30న అక్కడి ఆటోమేటిక్ కేంద్రాల్లో ఒకటి 56 డిగ్రీలు చూపించింది. మామూలు అంకెలు చూపిన కేంద్రాలు కూడా అదే ఊళ్లో ఉండటంతో గుట్టు తేలిగ్గానే బయటపడింది. ఇరుగుపొరుగు లేని ఒంటరి కేంద్రంలో ఈ తప్పు జరిగి ఉంటే ఎంతకాలం నిలిచేదో ఊహించుకోవచ్చు.

లోపం కూడా చెప్పుకోవాలి. పరిశీలించని అంకె క్షణాల్లో జనంలోకి వెళ్లింది. పరిశీలించిన అంకె మూడు రోజులకు వచ్చింది. తక్షణం చూపించడం ఉపకారమే. వడగాడ్పు హెచ్చరికకు మూడు రోజులు ఆగలేం. కానీ చూపించే అంకె పక్కనే అది పచ్చి లెక్కో, సరిచూసిన లెక్కో తెలిపే గుర్తు ఉండాలి. ముందురోజు పొరుగుతో పదో వంతు దాకా సరిపోయిన కేంద్రమే మర్నాడు దారి తప్పింది కాబట్టి, ఒకసారి సరిచూశామని ఊరుకునే వీలు కూడా లేదు.

ఇంకో అపార్థానికి కూడా తావివ్వకూడదు. 52.9 తప్పయినంత మాత్రాన ఎండ తగ్గిపోలేదు. అదే మే 29 మధ్యాహ్నం ఢిల్లీ విద్యుత్ డిమాండ్ 8,302 మెగావాట్లకు చేరింది. నగర చరిత్రలో అప్పటికి అదే అత్యధికం. నీడలో కొలిచిన 46.8 అంటే ఎండలో రిక్షా తొక్కేవాడికి, తాపీ పనివాడికి ఎంతో ఏ పట్టికా చెప్పదు. తప్పుడు అంకె వల్ల జరిగే అసలు నష్టం కూడా ఇక్కడే. అది అబద్ధమని తేలిన రోజున నిజమైన 49ని కూడా జనం నమ్మడం మానేస్తారు.

తొంభై ఏళ్ల తర్వాత తిరగతోడిన లెక్క

ఢిల్లీలో మూడు రోజుల్లో జరిగిన ఈ పనికి ప్రపంచ స్థాయిలో ఒక పెద్ద పూర్వ ఉదాహరణ ఉంది. 1922 సెప్టెంబరు 13న లిబియాలోని అల్ అజీజియాలో 58.0 డిగ్రీలు నమోదైంది. తొంభై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో భూమి మీద అత్యధిక ఉష్ణోగ్రత అదే. ప్రపంచ వాతావరణ సంస్థ నియమించిన నిపుణులు పాత నమోదు పుస్తకాన్ని వెతికించి తీశారు. వాడిన థర్మామీటరు అప్పటికే పాతబడిన రకం. గొట్టంలో అంకెను చూపే సూచిక పుల్లను ఏ చివర చదవాలో తెలియకపోతే తప్పు చదివే వీలున్నది. ఆ రోజుల్లో పుస్తకంలో చేతిరాత మారింది, అంటే కొత్త మనిషి చదివాడు. కేంద్రం ఉన్న నేల ఆ ప్రాంతపు సహజమైన నేల కాదు. చుట్టుపక్కల ఊళ్ల అంకెలతో పొత్తు కుదరలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అదే చోట కొలిచినవాటితోనూ కుదరలేదు. తప్పు సుమారు 7 డిగ్రీలు ఉండవచ్చని తేల్చి, సరిగ్గా 2012 సెప్టెంబరు 13న ఆ రికార్డును రద్దు చేశారు. కిరీటం కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీకి వెళ్లింది: 1913 జూలై 10న 56.7.

మెచ్చడం తెలిసినవాడికి ఇంతకంటే సున్నితమైన ఉదాహరణ కూడా ఉంది. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబా, 2017 మేలో పాకిస్తాన్‌లోని తుర్బత్ చెరో 54.0 చూపించాయి. ఆ రెండు కేంద్రాల పరికరాలనూ పరీక్షాశాలలో మళ్లీ తూకం వేసి మిత్రిబాకు 53.9, తుర్బత్‌కు 53.7 అని ఖాయం చేశారు. తుర్బత్ అంకెకు అటూ ఇటూ 0.4 డిగ్రీ తేడా ఉండవచ్చని కూడా రాశారు. పదో వంతు కోసం ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వందేళ్లలో వాతావరణం ఎంత మారిందని లెక్క కట్టేది ఆ పదో వంతుల్లోనే. అక్కడ నిర్లక్ష్యం చేస్తే భూమి వేడెక్కుతోందని రుజువు చేయడానికి మన దగ్గర సరైన కొలబద్ద మిగలదు.

మన ఊళ్ల అంకెలు

తెలుగు నేల మీద ఈ పోలిక ప్రతి వేసవిలోనూ అవసరమే. హైదరాబాద్‌కు సఫ్దర్‌జంగ్ లాంటిది బేగంపేట. అక్కడి రికార్డు 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. తెలంగాణలో రాష్ట్ర ప్రణాళికా విభాగానికి చెందిన ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. మే నెలలో వాటి జాబితాలో పైనున్న మండలం పేరు, దాని పక్కనే బేగంపేట అంకె పేపర్లో కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన అచ్చయినంత మాత్రాన రెండూ ఒకే జాతి అంకెలు కావు. బేగంపేటను బేగంపేట గతంతో పోల్చాలి. మండల కేంద్రాన్ని దాని పొరుగు మండలాలతో పోల్చాలి. పల్నాడులో రెంటచింతల పేరు ఎండకు మారుపేరు అయిందంటే, అది ఒక్కరోజు కొట్టిన అంకె వల్ల కాదు. ఏళ్ల తరబడి ఒకే చోట కొలిచిన వరస వల్ల.

వాతావరణ శాఖ వడగాడ్పు నిర్వచనంలోనూ ఈ వరసకే విలువ. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు, 6.4 దాటి ఎక్కువైతే తీవ్ర వడగాడ్పు. మామూలుతో పనిలేకుండా 45 తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్ర వడగాడ్పు. ఆ మామూలు అనేది 30 ఏళ్ల సగటు. నిన్నగాక మొన్న పెట్టిన కేంద్రానికి ఆ సగటు లేదు. అది ఇవాళ ఎంత కాలుతోందో చెప్పగలదు. ఎప్పటికంటే ఎంత ఎక్కువ కాలుతోందో చెప్పలేదు. ఆ మాట చెప్పాలంటే పాత కేంద్రం పక్కన ఉండాలి. పాత కేంద్రాలను ఎత్తేసి, స్థలం మార్చి, చుట్టూ కట్టడాలు లేపి పాడుచేసుకుంటే కొత్తవి ఎన్ని పెట్టినా ఆ లోటు తీరదు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. వచ్చే రోహిణి కార్తెలో ఎండ రికార్డు బద్దలైందన్న వార్త చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ కేంద్రం? అక్కడ ఎన్నేళ్లుగా కొలుస్తున్నారు? పక్క కేంద్రం ఎంత చెప్పింది? ఈ మూడింటికీ జవాబు లేని అంకెను ఇతరులకు పంపకండి. ప్రభుత్వాలకు చెప్పవలసింది ఇంకా చిన్న మాట. ఆటోమేటిక్ కేంద్రం పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిది. దాన్ని సరిచూసే ఖర్చు ఏటేటిది. ఆ రెండో ఖర్చుకు బడ్జెట్ లేకపోతే మొదటి ఖర్చు దండగ. ప్రతి వేసవి మొదలవకముందే ప్రతి కేంద్రం దగ్గరికీ ప్రామాణిక థర్మామీటరుతో ఒక మనిషి వెళ్లి రావాలి.